రెండు లైన్లు తగ్గాయి

“రెండు లైన్లు తగ్గాయమ్మా షాకూ!” అని కేకేశాడు పేజీలు పేర్చే పేజీ బాబాయి, కంప్యూటరు తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

తగ్గకపోతే ఆశ్చర్యం గానీ, తగ్గడం వింతా? సాయంత్రం పేపరు మొదటి పేజీ ఏనాడైనా బుద్ధిగా నిండి చచ్చిందా! మధ్యాహ్నం భోజనం వేళకి పేజీ ప్రెస్సుకి వదలాలి. సరిగ్గా ఆఖరి ఘడియలో లిఫ్టు వార్త వచ్చిపడింది. ఆఫీసులుండే పాత భవనంలో లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి జారిపడింది. లోపల ఉన్నవాళ్ళకి, లిఫ్టు నడిపే ఆయనతో సహా, అందరికీ దెబ్బలు. రిపోర్టరు అంబులెన్సు పక్కన నిలబడి ఫోన్లో చెప్తుంటే, ఇక్కడ డెస్కులో వార్తలు దిద్దే ఆమె టకటకా కొట్టేసింది. ‘కుప్పకూలిన లిఫ్టు... జనానికి షాక్!’ అని హెడ్డింగు కూడా పెట్టేసింది.

డెస్కులో ఆమెని షాకక్క అంటారు. అనరా మరి! పాల ధర పెరిగితే కొనేవాళ్ళకి షాక్, తగ్గితే అమ్మేవాళ్ళకి షాక్. వానొస్తే షాక్, రాకపోతే డబుల్ షాక్. పోనీ ‘దిగ్భ్రాంతి’ అని రాసి చూడండి, సగం హెడ్డింగు అదే తినేస్తుంది. “ఇంగ్లీషు మాట మడత మంచం లాంటిది తల్లీ, ఎంత ఇరుకులోనైనా పట్టేస్తుంది” అంటాడు న్యూస్ ఎడిటరు. ఆయన్ని వెనకాల అందరూ గడియారం అంటారు. నిమిషానికోసారి టైమెంతయిందో ఆయనే చెప్తుంటాడు కాబట్టి గోడమీది గడియారం ఆగిపోయినా ఎవరూ బాగుచేయించలేదు.

“బాబాయ్, ఫోటో కాస్త పెంచరాదూ?” అంది ఆమె.

“పెంచితే ఆ స్ట్రెచరు మీదాయన కాళ్ళు తెగిపోతాయి. రెండంటే రెండు లైన్లే, రాసెయ్యి.”

రిపోర్టరుకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. గడియారం అద్దాల గదిలోంచి బయటికొచ్చి తన మణికట్టు మీద వేలితో టపటపా కొట్టి చూపించాడు.

ఇలాంటి సందులు పూడ్చడానికి ఆమె దగ్గర సిద్ధంగా కొన్ని వాక్యాలుంటాయి. సంచీలో గుండుసూదులున్నట్టు వేళ్ళకి తగుల్తూనే ఉంటాయి. ‘హై అలర్ట్ ప్రకటించారు.’ ‘సోర్సెస్ ద్వారా తెలిసింది.’ ‘టెక్నికల్ ప్రాబ్లమే కారణమని సమాచారం.’ ఈ ఆఖరిది వేలి చివరిదాకా వచ్చింది కూడా. కానీ పక్క కాలమ్‌లో రైళ్ళ ఆలస్యం వార్తకి అప్పుడే దాన్ని వాడేసింది. పక్కపక్కనే ఒకే మాట ఉంటే గడియారం ఊరుకోడు. అందుకని, ఊపిరి కూడా బిగబట్టకుండా, ఇలా కొట్టింది: ‘హ్యూమన్ ఎర్రరే ఈ ప్రమాదానికి కారణమని ప్రాథమిక సమాచారం.’

“కుట్టినట్టు సరిపోయింది!” అన్నాడు బాబాయి సంబరంగా. పేజీ వెళ్ళిపోయింది. ఆమె టీ తాగడానికి లేచింది. ఆ పూట టీ చల్లారిపోయి ఉందని విసుక్కుంది తప్ప మరో ఆలోచన లేదు.

మర్నాడు పొద్దున్నే డెస్కులో అడుగుపెట్టేసరికి రిపోర్టరు కాపీ వచ్చి ఉంది. లిఫ్టులో గాయపడ్డ వాళ్ళలో ఒక పెద్దాయన తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయాడు. భవనం మేనేజరు మాట్లాడుతూ, ఇది పూర్తిగా హ్యూమన్ ఎర్రర్ అనీ, లిఫ్టులో ఏ లోపమూ లేదనీ చెప్పాడట.

గడియారం ముఖం వెలిగిపోయింది. “చూశారా! నిన్ననే రాశాం మనం! ఊళ్ళో ఇంకే పేపరుకైనా దొరికిందా ఈ మాట? షాకమ్మా, ఇవాళ నీదే హెడ్డింగు. పైన చిన్నగా ‘మేం ముందే చెప్పాం’ అని వెయ్యి. బాబాయ్, ఎర్ర రంగులో!”

డెస్కు డెస్కంతా బల్లల మీద చప్పట్లు కొట్టింది. టీవీలో కింద పరుగులు తీసే అక్షరాల్లో కూడా హ్యూమన్ ఎర్రర్, హ్యూమన్ ఎర్రర్ అని పోతోంది. నిజం చెప్పాలంటే ఆమెకి బాగానే అనిపించింది. మెచ్చుకోలు ఎవరికి చేదు? ‘హ్యూమన్ ఎర్రరే! తేల్చిన యాజమాన్యం’ అని పెద్దక్షరాల్లో కొట్టి, ఎర్రరంగు మాట ఎలా వచ్చిందో బాబాయి వెనక నిలబడి చూసుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో భూతద్దం పట్టుకుని పేపరు చదువుతోంది. ఆవిడ చదవడం అంటే మామూలు చదవడం కాదు. పై మూల తేదీ దగ్గర మొదలుపెట్టి కింద ప్రెస్సు అడ్రసు దాకా వదలదు.

“ఈ ఎర్రక్షరాలు నీవేనటగా! మీ ఆయన చెప్పాడు” అంది ఆవిడ. “ఇంతకీ హ్యూమన్ ఎర్రర్ అంటే ఏంటమ్మా?”

“మనిషి చేసిన పొరపాటు అత్తయ్యా” అంది ఆమె, చెప్పులు విప్పుతూ.

“ఏ మనిషి?”

“లిఫ్టు నడిపేవాడు అయ్యుంటాడు.”

“అయ్యుంటాడేంటి? మరి అదే రాయొచ్చుగా, లిఫ్టు నడిపేవాడి తప్పు వల్ల ఒక పెద్దమనిషి చచ్చిపోయాడని.”

“అమ్మో! అలా ఎలా రాస్తాం అత్తయ్యా? ఎవరు చెప్పారని రాస్తాం?”

అనేసి ఆగిపోయింది. ఒక చెప్పు కాలికే ఉంది. అత్తగారు భూతద్దం దించి కోడలి వంక చూసి, మళ్ళీ పేపర్లోకి వంగింది. ఆవిడకి ఇంకా వాతావరణం మిగిలి ఉంది.

ఆమె వంటింట్లోకెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో రిపోర్టరుకి ఫోన్ చేసింది.

“నిన్నటి లిఫ్టు వార్తలో హ్యూమన్ ఎర్రర్ అని నీకు ఎవరైనా చెప్పారా?”

“నాకా? లేదక్కా. నేను పంపిన దాంట్లో ఆ ముక్క లేదే. పేపర్లో చూసి, మీకు పోలీసులెవరో చెప్పుంటారనుకున్నా.”

“మరి ఇవాళ ఆ మేనేజరు చెప్పాడుగా?”

“చెప్పాడు. ఎంక్వయిరీ అయిందా సార్, ఎలా తేల్చారు అని అడిగా. ‘ఇంకా ఏం ఎంక్వయిరీ అయ్యా, మీ పేపర్లోనే వేశారుగా!’ అన్నాడు. మన పేపరే బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడక్కా.”

కుళాయి పారుతూనే ఉంది. గిన్నె నిండి, పొర్లి, నీళ్ళు ఆమె పాదాల మీదికొచ్చాయి. అంటే తను రాసింది చూసి మేనేజరు చెప్పాడు, మేనేజరు చెప్పింది చూసి తను రాసింది, తను రాసింది చూసి టీవీవాళ్ళు వేశారు! మధ్యలో అసలు చూసినవాడు ఒక్కడూ లేడు. రైళ్ళ ఆలస్యం వార్త పక్క కాలమ్‌లో లేకపోతే ఆ లిఫ్టుకి టెక్నికల్ ప్రాబ్లం వచ్చి ఉండేది! ఇదేమిటి, ఇంత పని ఎలా చేశాను అని గోడకానుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళ చప్పుడుకి అత్తగారే వచ్చి కుళాయి కట్టేసింది.

తర్వాతి రోజు పేజీ పని సగంలో ఉండగా కింద రిసెప్షన్ నుంచి ఫోనొచ్చింది. లిఫ్టు వార్త రాసినవాళ్ళ కోసం ఎవరో ఆడమనిషి వచ్చిందట, లిఫ్టు నడిపే ఆయన భార్యట.

గొడవకే వచ్చి ఉంటుంది అనుకుంది ఆమె. మెట్లు దిగింది. తిట్టనీ, నాలుగు తగిలించనీ, అదే నయం అనుకుంది. కింద బల్ల అంచున ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, సంచీలోంచి ఫ్లాస్కు మూత కనబడుతోంది. షాకక్కని చూడగానే గబుక్కున లేచి రెండు చేతులూ జోడించింది.

“మీరేనా అమ్మా రాసింది? పనిలో ఉన్నట్టున్నారు, ఒక్క నిమిషం. ఒక్కటే అడిగి వెళ్ళిపోతాను.”

“కూర్చోండి. ముందు కూర్చోండి.”

“ఆయన ఏ బటన్ నొక్కాడమ్మా?”

ఆమెకి అర్థం కాలేదు.

“అదేనమ్మా, తప్పు చేశాడని వేశారుగా” అంది లిఫ్టాయన భార్య. గొంతులో కోపం లేదు. మందులషాపులో చీటీ చూపించి అడుగుతున్నట్టు అడుగుతోంది. “ఆయనకి గుర్తు రావట్లేదు. పొద్దస్తమానం అదే ఆలోచన. అన్నం ముట్టడు, కన్ను మూయడు. నేనేం నొక్కానే, ఏం నొక్కి ఆ పెద్దాయన్ని చంపానే అని నన్ను చంపుకు తింటున్నాడు. మీకు తెలిసింది కదా, అదేదో కాస్త చెప్తే ఆయన మనసు కుదుటపడుతుంది. సంతకం కూడా పెట్టాలట, రేపు మధ్యాహ్నం మేనేజరుగారొస్తారు. తప్పు నాదేనని రాసిస్తే మంచిదన్నారు. ఏం తప్పో తెలియకుండా ఏమని రాస్తాడమ్మా?”

ఎన్ని వందలసార్లు రాసి ఉంటుంది షాకక్క ఆ షాక్ అన్న ముక్క! అది ఇలా ఉంటుందని ఎవరికి తెలుసు? చెవుల్లో హోరు, నోట్లో తడి లేదు, ఎదురుగా ఉన్న మనిషి పెదవులు కదుల్తున్నాయి గానీ ఆ మాటలు ఎక్కడో దూరంగా వినబడుతున్నాయి. తిట్టడానికి వచ్చినా బాగుండేది. ఈమె తన దగ్గరికి తెలుసుకోడానికి వచ్చింది!

“పదండి” అంది చివరికి. “నేనే వచ్చి ఆయనకి చెప్తాను.”

ఆస్పత్రి వార్డులో కిటికీ పక్క మంచం. లిఫ్టాయన కాళ్ళు రెండూ కట్లతో తొడల దాకా బిగించి ఉన్నాయి, నుదుటి మీద కుట్లు. కళ్ళు మూసుకుని ఉన్నాడు కానీ నిద్రలో లేడు. కుడిచేయి మాత్రం పైకి లేస్తోంది. చూపుడువేలు గాల్లో ముందుకి వెళ్ళి ఒకచోట ఆగుతోంది. చేయి కిందికి దిగుతోంది. మళ్ళీ లేస్తోంది.

“రోజంతా ఇదే” అంది భార్య మెల్లగా. “ఏవండీ, పేపరు నుంచి మేడమ్‌గారొచ్చారు.”

ఆయన కళ్ళు తెరిచి లేవబోయాడు, ఆ కాళ్ళతోనే! షాకక్క గాభరాగా వద్దన్నట్టు చేతులూపి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

“చెప్పండి అన్నయ్యా. ఆరోజు మీకేం గుర్తుందో అది చెప్పండి.”

“మూడో అంతస్తులో పెద్దాయన ఎక్కాడమ్మా. రోజూ నాకు నమస్తే చెప్పి గానీ లోపలికి రాడు. నేను మడత తలుపు లాగాను. అందరూ సర్దుకున్నారా అని చూశాను. చెయ్యి ఎత్తాను.” ఎత్తి చూపించాడు. వేలు గాల్లో ఆగింది. “ఇక్కడిదాకా వచ్చింది. ఇంతలో పైన కీచుమంది. అది వారంబట్టీ కీచుమంటూనే ఉంది, మేనేజరుగారికి చెప్పాను కూడా. అంతే. కాళ్ళ కింద ఏమీ లేదు.”

“అంటే మీరు బటన్ నొక్కనే లేదు!”

“నొక్కనట్టే ఉంటుందమ్మా. కానీ నొక్కే ఉంటాను. తలకి దెబ్బ తగిలిందిగా, మర్చిపోయుంటాను. నిప్పు లేందే పొగొస్తుందా? పేపర్లో ఊరికే వేస్తారా? మీరు కనుక్కునే వేసి ఉంటారు.”

“లేదన్నయ్యా!” అంది ఆమె. గొంతు పెద్దదైంది, పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు. “ఎవరూ కనుక్కోలేదు. ఎవరూ చెప్పలేదు. పేజీలో రెండు లైన్లు ఖాళీ వచ్చింది. ఏదో ఒకటి రాసి నింపాలి, నింపాను. అంతే! మీ గురించి నాకేమీ తెలియదు. మీరెవరో కూడా తెలియదు. ఒట్టు!”

ఆయన చిన్నగా నవ్వాడు.

“మీరు మంచివారమ్మా. నా బాధ చూడలేక అలా అంటున్నారు.”

“అయ్యో, కాదు...”

“ఖాళీ వస్తే మనిషి మీద అంత మాట రాస్తారా ఎవరైనా? నా చిన్నప్పట్నుంచీ పేపరు చదువుతున్నాను. మీరే వేశారు కదా, మర్నాడు మళ్ళీ ఎర్రక్షరాల్లో కూడా వేశారు. అదే నిజం కాకపోతే, కాదని మళ్ళీ వేసేవారుగా? పేపర్లో వెయ్యండి, అప్పుడు నమ్ముతాను.” అని ఆయనే ఆమెని ఓదార్చాడు. “బాధపడకండి. మీ పని మీరు చేశారు. ఏమేవ్, మేడమ్‌గారికి ఫ్లాస్కులో టీ ఉందేమో చూడు.”

టీ వద్దని ఆమె లేచింది.

గడియారం అద్దాల గదిలో మర్నాడు పొద్దున్న ఆమె నిలబడే మాట్లాడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఉన్నదంతా చెప్పింది, రైళ్ళ వార్తతో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఆయనకీ పాపం దిమ్మతిరిగినట్టే ఉంది.

“ఎవరికైనా చెప్పావా?”

“లిఫ్టాయనకి చెప్పాను సార్. నమ్మలేదు.”

“అమ్మయ్య!”

“సార్!”

“అది కాదు తల్లీ. క్లారిఫికేషన్ వెయ్యాలంటే వాళ్ళు రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వాలి. పైవాళ్ళు చూడాలి, లాయరు చూడాలి. ‘మేం ముందే చెప్పాం’ అని ఎర్రక్షరాల్లో వేసి, రెండ్రోజులకి ‘మాకేం తెలియదు’ అని వేస్తే రేపట్నుంచి ఈ పేపరు ఎవడు నమ్ముతాడు?”

“అంతగా నమ్ముతున్నారు కాబట్టే సార్. ఆయన తన చెయ్యిని తను నమ్మట్లేదు, మనల్ని నమ్ముతున్నాడు. మధ్యాహ్నం సంతకం పెట్టేస్తాడు.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వచ్చే వారం ఇంకో యాంగిల్‌లో ఫాలో అప్ చేద్దాం. వెళ్ళు, టైమవుతోంది.”

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఫాలో అప్, యాంగిల్, క్లారిఫికేషన్! ఒక్కో మాట వెనకాలా నలుగురైదుగురు హాయిగా దాక్కోవచ్చు. దాక్కునేది ఎప్పుడూ ఇటువైపువాళ్ళే. అక్కడ మంచం మీద ఉన్నవాడికి దాక్కోడానికి దుప్పటి కూడా సరిగ్గా లేదు. ఉక్రోషంతో ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏంటమ్మా, ఏమన్నాడు?” అన్నాడు పేజీ బాబాయి, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. ఆయనకి నిన్న సాయంత్రమే అంతా చెప్పింది. అప్పుడాయన పళ్ళెంలో చేయి కడుక్కున్నట్టు అరచేతులు రెండూ రుద్దుకున్నాడంతే.

“కుదరదన్నాడు.”

బాబాయి మొదటి పేజీని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. పేజీ నిండుగా ఉంది. ఎక్కడా గోరంత సందు లేదు. కింది భాగంలో ఎవరో మంత్రి రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో. ఆయన మౌసు పట్టుకుని ఆ ఫోటో కింది అంచుని నెమ్మదిగా పైకి నెట్టాడు. రిబ్బను ఉంది, కత్తెర ఉంది, మంత్రిగారి బూట్లు మాత్రం పోయాయి. పెదవి విరిచి చూసుకుని, డెస్కంతా వినబడేలా కేకేశాడు.

“రెండు లైన్లు తగ్గాయమ్మా షాకూ!”

“నింపండి, నింపండి! టైమయిపోయింది!” అని అద్దాల గదిలోంచి గడియారం అరిచాడు.

ఆమె బాబాయి వంక చూసింది. “మీ ఉద్యోగం...” అంది.

“తిలాపాపం తలా పిడికెడు. ఆరోజు కుట్టినట్టు సరిపోయిందని సంబరపడింది నేనేగా. కానియ్యి.”

వేళ్ళు అలవాటు కొద్దీ ‘ఇన్‌పుట్స్ మిస్ కావడంతో’ అని మొదలుపెట్టాయి. చెరిపేసింది. ‘కమ్యూనికేషన్ గ్యాప్ వల్ల’ అని కొట్టింది. ఛీ, అదీ చెరిపేసింది. ఆ తర్వాత అత్తగారు పక్కన కూర్చుని ‘ఏ మనిషి?’ అని అడుగుతున్నట్టు ఊహించుకుని, అడిగిన దానికి జవాబు కొట్టింది:

‘లిఫ్టు నడిపే మనిషి తప్పు చేశాడని మాకెవరూ చెప్పలేదు. ఆ మాట మా డెస్కులో నేనే కల్పించి రాశాను.’

పక్కన బాబాయి పెదవులు కదుపుతూ చదివాడు. ‘నేనే’ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. పేజీ వదిలేశాడు.

ప్రెస్సులోంచి మొదటి కట్ట ఇంకా వెచ్చగా ఉండగానే ఆమె ఒక కాపీ లాక్కుని పరుగెత్తింది. దారంతా ఫోను మోగుతూనే ఉంది. చూడలేదు. ఎవరో చూడక్కర్లేకుండానే తెలుసు.

వార్డులోకి వెళ్ళేసరికి మేనేజరు మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. లిఫ్టాయన ఛాతీ మీద అట్ట, అట్ట మీద టైపు చేసిన కాగితం. కలం ఆయన వేళ్ళ మధ్యే ఉంది. భార్య కాళ్ళవైపు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అన్నయ్యా, పేపరు!” అంది షాకక్క, రొప్పుతూ.

“ఇదిగో, ఇక్కడ పెట్టు సంతకం” అన్నాడు మేనేజరు.

“ఒక్క నిమిషం ఆగండి సార్” అన్నాడు లిఫ్టాయన, ఎంతో మర్యాదగా. “ఇవాళ్టి పేపరొచ్చింది.”

ఆమె పేజీ కింది భాగం మడిచి, ఆ చోట గోరు పెట్టి చూపించింది. ఆయన కలం పక్కన పెట్టి, పేపరు రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కో మాట కిందా వేలు జరుపుకుంటూ చదివాడు. చివరికొచ్చి మళ్ళీ మొదటికెళ్ళాడు. బొటనవేలితో ఆ అక్షరాల మీద రుద్ది, వేలికంటిన నల్లటి సిరా చూసుకున్నాడు.

“అచ్చయిందే” అన్నాడు. “అచ్చయిందే ఇది.”

ఆయన కుడిచేయి లేచింది. చూపుడువేలు గాల్లో ముందుకి వెళ్ళి, రోజూ ఆగే చోట ఆగింది. ఈసారి కిందికి దిగలేదు.

“ఇక్కడుంది నా వేలు. నొక్కలేదు. నేను నొక్కలేదే! పెద్దాయన్ని నేను చంపలేదే!” అని భార్యతో అంటూ బావురుమన్నాడు. అంత పెద్దమనిషి, వార్డంతా చూస్తుండగా, చెయ్యి అలా గాల్లోనే పెట్టుకుని. మేనేజరు అట్టా కాగితమూ సర్దుకుని లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

షాకక్కకి సంతోషం కలగాలి. కలగలేదు. ఒక మనిషికి తన వేలు ఎక్కడుందో తెలుసుకోడానికి రెండు లైన్లు అచ్చులో కావలసి వచ్చాయి. తను అవి కొట్టకపోయుంటే? బాబాయి మంత్రిగారి బూట్లు కొయ్యకపోయుంటే? స్టూలు మీద కూలబడింది.

“కానీ అన్నయ్యా, నొక్కలేదని మీకు మొదట్నుంచీ తెలుసుగా!” అంది ఉండబట్టలేక.

ఆయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

“తెలుసమ్మా” అన్నాడు. “తెలుసు గానీ, పేపర్లో లేదుగా.”